గ్రీజు చెదరని తుపాకి

"బువ్వ తిన్నవా అన్నా?" అని అడిగింది కనకలక్ష్మి.

లాకప్ ఊచల వెనక గోడకు ఆనుకొని కూర్చున్న ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు. నిన్న మధ్యాహ్నం కొత్తగూడ చౌరస్తాలో విస్తట్లో పెట్టించుకొని తిన్న పులిహోరే ఆఖరట. ఆ పులిహోరే ఇప్పుడతని మెడకు చుట్టుకుంది.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బళ్లు లేవు, బొగ్గు లేక కరెంటు పూటకోసారి పోతోంది. చౌరస్తాల్లో జనం రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకొని, అక్కడే బంతి కూర్చొని తింటున్నారు. నిన్న ఆ వంటావార్పు చూసి ఎల్లేశం డ్యూటీ వదిలి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఐటీ కంపెనీ యజమాని పురుషోత్తమరావు తొమ్మిదో అంతస్తులోని తన గదిలో చనిపోయి ఉన్నాడు. ఛాతీలోంచి దూసుకుపోయిన తూటా వెనక గోడలో దిగింది. ఎదుట బల్ల మీద ఆయన తండ్రి కాలంనాటి మిలటరీ రైఫిల్, తుడిచి పెట్టినట్టుగా మెరుస్తూ ఉంది. అలాంటి తుపాకిని విప్పి తుడవగలిగినవాడు ఆ భవనంలో ఒక్కడే. మాజీ సైనికుడు, సెక్యూరిటీ గార్డు ఎల్లేశం.

ఇన్‌స్పెక్టర్ రామచంద్రం లెక్క అంతటితో తేలిపోయింది. సమ్మెకు పోతే ఉద్యోగం ఊడుతుందని పురుషోత్తమరావు ముందురోజే నలుగురి ముందు ఎల్లేశాన్ని తిట్టాడు. ఆ కోపంతో కాల్చాడు, ఆనవాలు దొరక్కుండా తుపాకి తుడిచాడు, జనంలో కలిసిపోయాడు. వంటావార్పులో వందల మంది ఉన్నా ఎల్లేశాన్ని చూశామని స్టేషనుకొచ్చి చెప్పేవాడు ఒక్కడూ లేడు. వస్తే తమ మీద కూడా కేసు పెడతారని వాళ్ల భయం.

ఈ లెక్క నమ్మని మనిషి ఒక్కతే, చనిపోయినాయన కూతురు హర్షిణి. ఆమె పైఅధికారుల దాకా వెళ్లి పట్టుబట్టడంతో సీఐడీ నుంచి ఎస్సై కనకలక్ష్మిని పంపారు. ఆమె వచ్చేటప్పటికే ఎల్లేశాన్ని కోర్టుకు తీసుకెళ్లే ఏర్పాట్లు జరుగుతున్నాయి. హత్య కేసులో ఒకసారి రిమాండు పడితే, ఈ గొడవల్లో ఆ ఫైలు మళ్లీ ఎవరూ తెరవరని ఆమెకు తెలుసు. ఆమెకున్న సమయం ఈ పూట వరకే.

"ఆ తుపాకిని ఆఖరుసారి ఎప్పుడు ఇప్పినవ్?"

"నెల మొదట్ల మేడం. ప్రతి నెల ఒకపారి ఇప్పుత. సారు పక్కన కుర్సీ ఏస్కొని కూసుంటడు."

"ఎట్ల తుడుస్తవో చెప్పు. ఏదీ ఇడిసిపెట్టకుండ చెప్పు."

ఎల్లేశం కళ్లలోకి అప్పుడు కొంచెం ప్రాణం వచ్చింది. చేతుల్లో తుపాకి ఉన్నట్టే వేళ్లు కదిలిస్తూ చెప్పాడు. ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెడతాడు. తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్టును పూర్తిగా వెనక్కి గుంజి, దాని తల పైకి లేపి, బయటికి తీస్తాడు. భుజానికి ఆనే మడమలోని ఇత్తడి మూత తెరిస్తే లోపల నూనె సీసా, ఫుల్‌త్రూ తాడు ఉంటాయి. తాడు చివరి కంతలో చిందీ అనే గుడ్డముక్క దూర్చి గొట్టంలోంచి గుంజుతాడు. ఎప్పుడైనా బోల్టు వైపు నుంచి వేసి మూతి వైపు లాగాలి, తిరగేసి లాగితే మూతి అరిగిపోతుంది. చిందీ తెల్లగా వచ్చేదాకా అలా లాగి, చివరకు గొట్టం నిండా గ్రీజు పట్టిస్తాడు.

"గ్రీజెందుకు? నూనె సాలదా?"

"కాల్చే తుపాకికి నూనె మేడం. కాల్చని తుపాకికి గ్రీజు. దాన్ని పేల్చుడు సారుకు ఇష్టం లేకుండె, వాళ్ల నాయిన గుర్తు అది. అందుకే మందంగ పెడ్త, తేమ పట్టకుండ."

"తూటాలు ఏడ పెడ్తుండె సారు?"

"తూటాలెక్కడివి? లైసెన్సు ఉన్నది గని ఒక్క తూటా గూడ కొనలే. కొనొద్దని నేనే చెప్పిన." అతను ఊచల దగ్గరికి జరిగాడు. "తుపాకి నాకు ఒక్కపారి సూపెట్టుండ్రి మేడం. పేలిందో లేదో సూస్తనే చెప్త. ఆ పెద్ద సారును రాత్రి నుంచి అడుగుతున్న. ఇంటలేడు."

అది తన చేతిలో లేదని, తానే చూస్తానని చెప్పింది కనకలక్ష్మి. లేచి వెళ్తుంటే అతను మళ్లీ పిలిచాడు. భార్య సాయమ్మ పొద్దున్నుంచీ గేటు దగ్గర కూర్చొని ఉందట. కోర్టు దాకా నడిచి వస్తానంటోందట, ఇంటికి పంపించమన్నాడు. కనకలక్ష్మి గేటు దగ్గర ఆగి ఆ మాట చెప్పింది. సాయమ్మ విన్నది గాని కదల్లేదు.

పన్నెండు గంటలకు ఎల్లేశానికి బేడీలు వేసి జీపెక్కించారు. సమ్మె బందోబస్తుకు ఉన్నవాళ్లంతా రోడ్ల మీదే ఉండటంతో డ్రైవరు కాక ఒక్క సాయుధ కానిస్టేబులే తోడు దొరికాడు. పెద్దరోడ్డు మీద రాస్తారోకో జరుగుతోందని జీపును నార్సింగి మీదుగా చుట్టు తిప్పి పంపారు. అది కదిలాక, సీలు వేసిన తుపాకి మూట తీసుకొని, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని, రామచంద్రం కనకలక్ష్మితో కలిసి కంపెనీకి బయలుదేరాడు. దారి పొడవునా ఆయన ఆవలిస్తూనే ఉన్నాడు. నెల రోజులుగా సరిగా నిద్రలేని మనిషి. ఈ కేసు ఇవాళ ముగిసిపోతే చాలన్నది తప్ప ఆయనకు ఎల్లేశం మీద పగేమీ లేదు. కనకలక్ష్మికి అదే ఎక్కువ భయం కలిగించింది.

తొమ్మిదో అంతస్తులో గది తాళం తీశారు. కిటికీలన్నీ మూసిన గాజు గది. కార్పెట్ మీద నెత్తురు ఎండి నల్లబడింది. నిన్న పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు లేదు. బంద్ కావడంతో ఆఫీసులో పట్టుమని పదిమంది కూడా లేరు. కింద జనరేటర్ మోత, అటు చౌరస్తాలో పోలీసులు పేల్చిన బాష్పవాయు గోళాల చప్పుడు. వాటి మధ్య ఈ ఒక్క పేలుడును ఎవరూ వేరుగా గుర్తించలేదు. పేలిన తూటా ఖాళీ గొట్టం ఏదని కనకలక్ష్మి అడిగితే ఎల్లేశం విసిరేసి ఉంటాడన్నాడు రామచంద్రం. తూటా ఎక్కడిదని అడిగితే, మిలటరీ వాడికి తూటాలు దొరకవా అన్నాడు. ల్యాబ్ రిపోర్టు సంగతి అడిగితే నవ్వాడు.

"ల్యాబ్ వాళ్లూ సమ్మెలోనే ఉన్నారండీ. వాళ్లొచ్చేదాకా కోర్టు ఆగుతుందా?"

కనకలక్ష్మి బల్ల దగ్గరికి వెళ్లింది. దాని మీద పరిచిన ఆకుపచ్చ ఉన్ని గుడ్డను అలాగే ఉంచారు. వంగి, కళ్లు గుడ్డకు దగ్గరగా పెట్టి, పక్కవాటుగా చూసింది. పొడుగ్గా తుపాకి ఆనించిన జాడ ఒకటి, పసుపురంగు గ్రీజు మరకలతో ఉంది. దానికి అటు పక్కన ఇంకొక పొడుగాటి జాడ ఉంది. అక్కడ గ్రీజు లేదు. పల్చటి నూనె ఇంకి ఉంది, నల్లటి మసి తుడిచిన గీతలున్నాయి. వేలితో రాసి వాసన చూసింది. కాలిన మందు వాసన.

మూట సీలు విప్పమంది. రామచంద్రం గడియారం చూసుకొని విప్పించాడు.

సీఐడీకి రాకముందు కనకలక్ష్మి నాలుగేళ్లు సాయుధ దళంలో కానిస్టేబులుగా చేసింది. అప్పట్లో వాళ్లకిచ్చింది ఈ రకం రైఫిలే. అందుకే చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మ్యాగజైన్ మీట నొక్కి తీసి పక్కన పెట్టింది. బోల్టు వెనక్కి లాగి, తల పైకి మలిపి, బయటికి తీసింది. గొట్టం వెనక కంతలో బొటనవేలి గోరు పెట్టి, కిటికీ వెలుతురు గోటి మీద పడేలా తిప్పి, మూతి వైపు నుంచి లోపలికి చూసింది.

చాలాసేపు అలాగే చూసి, రామచంద్రాన్ని కూడా చూడమంది.

"ఏముందమ్మా చూడ్డానికి? జిడ్డుగా ఉంది."

"గ్రీజు సార్. మూతి నుంచి చివరిదాకా పొరలా అట్లాగే ఉంది. ఇందులోంచి తూటా పోతే ఆ పొర మిగలదు."

"కాల్చాక మళ్లీ పూసి ఉండొచ్చు కదండీ?"

"దుమ్ము కూడా మళ్లీ పూశాడా సార్? మూతి దగ్గర గ్రీజులో దుమ్ము దిగి గట్టిపడింది. పైపైన మెరిసేటట్టు తుడిచారు. లోపల ఎవరూ ముట్టుకోలేదు. ఈ తుపాకి నిన్న పేలలేదు."

రామచంద్రం ఈసారి కొంచెం ఎక్కువసేపే చూశాడు. కాని ఒప్పుకోలేదు. మరి తూటా గోడలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. ఆ ప్రశ్న కనకలక్ష్మి కూడా తనను తాను అడుగుతూనే ఉంది. చేతిలోని బోల్టును వెలుతురులోకి తిప్పింది. తూటా వెనకభాగం ఆనే దాని మొహం మీద, కొట్టుసూది కంత చుట్టూ, నల్లటి మసి వలయం కట్టి ఉంది. కొత్త మసి. వేలికి అంటింది.

గొట్టం పేలలేదు. బోల్టు పేలింది.

ఆమె తుపాకిని కిటికీ వైపు తిప్పింది. తర్వాత తుపాకి మెడ దగ్గర చెక్కిన నంబరు తుడిచి చదివింది. 7419. బోల్టు పిడి వెనక ఉన్న నంబరు చదివింది. 2603.

ఈ రకం రైఫిళ్లు ఎంత పాతవైనా, ఏ బోల్టు ఏ గొట్టానికి అమర్చారో ఆ గొట్టం నంబరే దాని మీద కొడతారు. ఆయుధాల గదిలో కొత్తవాళ్లకు మొదట నేర్పేది అదే. దుప్పటి పరిచి కూర్చున్నాక ఒక దుప్పటి మీద ఒక్క రైఫిలే విప్పాలి. రెండోది విప్పాలంటే మొదటిది బిగించి లేవాలి. పక్కపక్కన రెండు విప్పితే బోల్టులు కలిసిపోతాయి, చూపులకు రెండూ ఒకటే. కనకలక్ష్మి ఒకసారి ఆ తప్పు చేసిన స్నేహితురాలు మధ్యాహ్నమంతా ఎండలో రైఫిల్ తల మీద ఎత్తుకొని నిలబడటం చూసింది.

"ఈ గుడ్డ మీద నిన్న రెండు రైఫిళ్లు విప్పారు సార్," అంది. "పేలింది రెండోది. పేల్చినవాడు గాభరాగా దాన్ని తుడిచాడు. పొరపాటున తన బోల్టు ఇక్కడ పెట్టి, దీని బోల్టు తన దాంట్లో వేసుకొని పోయాడు. తూటా కూడా వాడిదే."

"రెండో రైఫిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఇక్కడికి? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

పిలిచి కూర్చోబెట్టిన మనిషికి టీ ఇవ్వకుండా ఉండరనుకుంది కనకలక్ష్మి. నిన్న ఈ గదికి ఎవరు టీ తెచ్చారని అడిగింది.

ఆ అంతస్తు ఊడ్చే నీలమ్మను పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రానంది. కనకలక్ష్మి తనే బయటికి వెళ్లి పక్కన నిలబడింది. నిన్న కరెంటు పోయిన కాసేపటికి సారు టీ అడిగాడని, తెచ్చి ఇచ్చి కిందికి పోయానని, మళ్లీ కప్పులు తీసుకుందామని వస్తే సారు పడి ఉన్నాడని చెప్పింది.

"ఎన్ని కప్పులు?"

నీలమ్మ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. కనకలక్ష్మి ఆమెకూ ఆయనకూ మధ్యకు జరిగి నిలబడింది.

"రెండు మేడం. సారుకొకటి, పోలీసాయనకొకటి."

రామచంద్రం గుమ్మం దాకా వచ్చాడు. నిన్న అడిగినప్పుడు బయటివాళ్లెవరూ రాలేదని చెప్పావు కదా అని గద్దించాడు. నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బయటోళ్లు వచ్చిండ్రా అని అడిగిండ్రు సారు. గేటు కాడ మన కావలికి పెట్టిన పోలీసాయన బయటోడెట్లయితడు? అనుకున్న."

ఆ తర్వాత ఆమె చెప్పింది తక్కువే అయినా సరిపోయింది. సమ్మె మొదలయ్యాక కంపెనీ గేటు దగ్గర పక్క జిల్లా నుంచి వచ్చిన సాయుధ పోలీసుల పికెట్ పెట్టారు. వాళ్లలో ఒకడి భుజాన తన తండ్రి తుపాకిలాంటిదే చూసి పురుషోత్తమరావు ముచ్చటపడి పైకి పిలిచాడు. నీలమ్మ టీ పెట్టేటప్పటికి రెండు తుపాకులూ ఆ ఆకుపచ్చ గుడ్డ మీద విప్పి ఉన్నాయి. సారు ఒక వేలు ఆ పోలీసు తుపాకిలో పెట్టి తీసి, అంటిన తుప్పు చూపించి నవ్వుతున్నాడు.

"'ఇది తుపాకినా, రోకలిబండనా? మా ఎల్లేశం దగ్గర నెల రోజులు నేర్సుకో పో' అన్నడు. ఆయన మొకం గింతయింది. నేను ఎల్లిపోయిన."

కోపంతో కాల్చాడో, బిగించి చూపిస్తూ లోపల తూటా ఉన్న సంగతి మరిచాడో, అది వాడు చెప్పాలి. ఎల్లేశం మాత్రం కాల్చలేదు. కనకలక్ష్మి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, ఎల్లేశాన్ని వెనక్కి రప్పించమని అడిగింది. పికెట్‌లో ఎవరెవరికి ఏ నంబరు రైఫిల్ ఇచ్చారో ఆ జిల్లా రిజర్వు ఆఫీసుకు ఫోన్ చేసి చడీచప్పుడు కాకుండా కనుక్కుందామంది.

రామచంద్రం మొహం ఎర్రబడింది. తన స్టేషన్ పరిధిలో, సాక్షుల ముందు, ఊడ్చే మనిషి ముందు, తనకంటే కింది అధికారి తన కేసును ముక్కలు ముక్కలుగా విప్పి బల్ల మీద పెట్టింది.

"అంటే పోలీసే చంపాడంటారు. సమ్మె వాళ్లు రేపు అదే బ్యానర్ కట్టుకొని తిరుగుతారు, తెలుసా మీకు? ఓ పాత బోల్టు, ఓ పనిమనిషి మాట. ఇవి పట్టుకొని నేను చడీచప్పుడు కాకుండా ఎవరికి ఫోన్ చేయాలమ్మా? దాచడానికి మన దగ్గర ఏముంది? ఇక్కడే తేల్చేద్దాం."

నడుముకున్న వైర్‌లెస్ సెట్ తీశాడు.

"వద్దు సార్," అంది కనకలక్ష్మి. "సెట్‌లో వద్దు."

ఆయన అప్పటికే మీట నొక్కాడు. నిన్నటి ఐటీ పికెట్‌లో రైఫిల్ నంబరు రెండు వేల ఆరువందల మూడు ఎవరి పేరున ఉందో వెంటనే చూసి చెప్పమని స్టేషన్‌ను అడిగాడు. నంబరు మళ్లీ ఒకసారి, ఒక్కో అంకె విడివిడిగా, చదివాడు. సెట్ గరగరలాడుతూ ఊరుకుంది. పికెట్ వాళ్ల ఆయుధాలు రాత్రిపూట స్టేషన్‌లోనే పెడతారు కాబట్టి జవాబు తొందరగానే వచ్చింది.

"టూ సిక్స్ జీరో త్రీ, ఏఆర్ కానిస్టేబుల్ సాయిలు సార్."

"ఎక్కడున్నాడు వాడిప్పుడు? పికెట్‌లోనా?"

"లేడు సార్. పొద్దున ఎస్కార్టుకు మనిషి దొరకకపోతే తానే పోతనన్నడు గద సార్. మీరే పంపిండ్రు. ఎల్లేశంను తీస్కపోయిన జీపుల ఉన్నడు."

సెట్ పట్టుకున్న రామచంద్రం చేయి మెల్లగా కిందికి దిగింది.

"ఆ జీపులో సెట్ ఉందా సార్?" అని అడిగింది కనకలక్ష్మి.

ఆయన తలూపాడు. ఉంది. ఇదే ఛానెల్. సాయిలు తన రైఫిల్ బోల్టు తిప్పి చూసుకుంటే చాలు, నంబరు తేడా కనిపిస్తుంది.

"ఇప్పటిదాకా వాడికి తెలియదు సార్, బోల్టు మారిందని. ఇప్పుడు తెలిసింది."

పారిపోబోయిన ఖైదీని కాల్చారంటే ఈ రోజుల్లో ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఎల్లేశం చస్తే నేరం ఒప్పుకొని చచ్చినట్టే. బోల్టు సంగతి తర్వాత ఎంత చెప్పినా వినేవాడుండడు. కనకలక్ష్మి జీపు డ్రైవరు ఫోన్ నంబరు అడిగింది. రామచంద్రం ఫోన్‌లో వెతుకుతుంటే లాక్కొని తనే కలిపింది. మోగింది. మోగుతూనే ఉంది. చివరికి అవతల ఎత్తారు. ఇంజన్ చప్పుడు లేదు, గాలి హోరు వినిపిస్తోంది.

ఎక్కడున్నావని అడిగింది. నార్సింగి దాటాక గుట్టల పక్కన జీపు ఆపానన్నాడు డ్రైవరు.

"ఎందుకు ఆపినవ్?"

"ఒంటేలుకని దిగిండ్రు మేడం. రాళ్ల అవుతలికి తీస్కపోయిండు."

"ఎల్లేశం అడిగిండా?"

"లేదు మేడం. ఆయన ఏం అడగలే. సాయిలే దిగుమన్నడు."

కనకలక్ష్మి అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. గొంతు పెంచకుండా, ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది. హారన్ మీద చేయి పెట్టి తీయొద్దు, సాయిలును గట్టిగా పేరు పెట్టి పిలువు, ఎస్పీ సారు లైన్‌లో ఉన్నాడని అరిచి చెప్పు. అవతల హారన్ మోగడం మొదలైంది. ఆ మోతలోనే ఆమె ఇంకొకటి అడిగింది.

"ఎల్లేశం చేతికి బేడీలు ఉన్నయా?"

డ్రైవరు వెనక్కి తిరిగి చూసినట్టున్నాడు. హారన్ ఒక్క క్షణం ఆగింది.

"లేవు మేడం. ఇప్పి సీటు మీద పెట్టి పోయిండు."